తెల్లబోర్డు బండిలో మగపెళ్లివారు

బోనకల్‌లో జకర్యా ఇంట్లో ఆ పొద్దు చాయ్ చల్లారకముందే ప్రయాణం సంగతి ఖరారైపోయింది. ఏడింటికి కారెక్కాలి. దారిలో ఎక్కడా ఆగకూడదు. పదకొండింటికల్లా భద్రాచలంలో కౌన్సెలింగ్ హాల్లో కూర్చోవాలి. కూతురు మహిమకు ప్రభుత్వ నర్సు ఉద్యోగం వచ్చింది గానీ ఏ ఊళ్లోనో ఇంకా తేలలేదు. హాల్లో ర్యాంకు వరుసన పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు పలికినవాళ్లు ఉన్న ఖాళీల్లోంచి ఊరు కోరుకుంటారు. పలకనివాళ్ల పేరు అట్టడుగుకు పోతుంది. అట్టడుగున మిగిలేవి ఎప్పుడూ అడవిలోని ఊళ్లే. మహిమకు కావలసింది ఏన్కూరు. అక్కడ ఖాళీ ఒక్కటే ఉంది, ఆమె ర్యాంకుకు అందేలాగే ఉంది. ఈ పథకంలో లోపమంటూ ఉంటే అది జకర్యా ఒక్కడే.

జకర్యా ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా ఒక్క మాట మీద నడిపాడు: "కొంచెం అడ్జస్ట్ అవ్వండి." ఇంగ్లీషువాడు ఈ మాటను మరలు బిగించడానికి పెట్టుకున్నాడట. మనవాళ్లు మనుషులను బిగించడానికి వాడుకున్నారు. ముగ్గురి సీట్లో ఐదుగురు కూర్చోవడం అడ్జస్ట్ కావడమే. కూరలో ఉప్పెక్కువైతే చుట్టం అడ్జస్ట్ చేసుకుంటాడు. జీతం రాని నెల ఇల్లాలు అడ్జస్ట్ చేస్తుంది. దర్జీ జాకెట్టు బిగుతుగా కుట్టి, రెండుసార్లు తొడిగితే అదే అడ్జస్ట్ అవుతుందంటాడు. కాదని మొహం మీద చెప్పలేని జనానికి ఇంతకంటే అక్కరకొచ్చిన క్రియాపదం ఇంకోటి లేదు. జకర్యా లెక్కలో నిండిన బండి అంటూ లోకంలో లేదు, సర్దుకోని జనం మాత్రమే ఉన్నారు.

అతని భార్య విశ్రాంతమ్మది అవతలి ఒడ్డు. ఊళ్లు తిరిగే నర్సుగా సర్వీసంతా కాలినడకన చేసి, పోయిన ఏడాదే రిటైరైంది. ఎండకూ వానకూ, ఇరుకు గదులకూ, అర్ధాకలికీ సర్దుకుని సర్దుకుని మోకాళ్లు అరగదీసుకుంది. ఇక మీదట ఎవరి కోసమూ అంగుళం జరగనని రిటైరైన రోజునే ప్రకటించింది. కండక్టరు పెళ్లాన్నై ఉండి కూడా బస్సులో కూర్చున్న పాపాన పోలేదని ఆమెకు కడుపుమంట. ఆమెకు సీటు దొరికినప్పుడల్లా ఆమెనే లేపి ఎవరికో ఇచ్చేవాడు ఆయన. అందుకే ఇవాళ బస్సు వద్దని పట్టుబట్టి కారు మాట్లాడించింది.

బయలుదేరే ముందు ప్రార్థన కూడా ఆమే చేసింది.

"ప్రభువా, బిడ్డ కోరుకున్న ఊరు ఇయ్యి. బండిని భద్రంగ చేర్చు. ఈ ఒక్కరోజు మహిమ వాళ్ల డాడీ నోట అడ్జస్ట్ అన్న మాట రానియ్యకు." కళ్లు మూసుకునే ఉండి భర్తను మోచేత్తో పొడిచింది. "ఆమెన్ అను."

"ఆమెన్," అన్నాడు జకర్యా. వేరే దారి లేదు.

కారు క్రిస్టోఫర్‌ది. వాళ్ల సంఘంలోనే ఆదివారాలు కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు కారు తిప్పుతాడు. ఏడుగురు పట్టే బండి. తాళం తిప్పుతూ జకర్యాతో గుట్టుగా అన్నాడు: "అంకుల్, మనది తెల్లబోర్డు. కిరాయికి తిప్పొద్దు. దారిల బ్రేకినస్పెక్టర్ ఎవరన్న ఆపితే చుట్టాలమనే చెప్పాలె. లేకపోతే బండి ఆడనే సీజ్ చేస్తరు."

"చుట్టాలమే కదరా. ఒకే సంఘపోళ్లం," అన్నాడు జకర్యా ధైర్యంగా.

బండి కదలకముందే పక్కింటి నిర్మలాదేవి మిక్సీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పాల్వంచలో వాళ్ల చెల్లెలు రోడ్డు మీదికే వచ్చి నిలబడుతుందట, కిటికీలోంచి అందిస్తే చాలట. విశ్రాంతమ్మ భర్త వైపు చూసింది. "మిక్సీ మనిషి కాదు కదనే," అని గొణుగుతూ జకర్యా దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏన్కూరు దాకా ప్రయాణం సాఫీగానే సాగింది. ఏన్కూరులో దవాఖానా కనబడగానే జకర్యాకు ఉండబట్టలేదు. బిడ్డ రేపటి నుంచి ఇక్కడే డ్యూటీ చేస్తుందనుకుంటే ఆయనకు గుండె నిండిపోయింది. ఒక్క నిమిషం దిగి చూసిపోదామన్నాడు. ఈ కోరికలో తప్పు పట్టడానికి విశ్రాంతమ్మకు కూడా ఏమీ దొరకలేదు. అందరూ దిగి, గేటు ముందు నిలబడి, గోడలూ బోర్డూ చూసుకుని తిరిగొచ్చారు. వచ్చేసరికి కారు నడిమి సీటు మీద ఎర్ర తువాలు పరిచి ఉంది. దించిన అద్దంలోంచి లోపలికి వేశారు. బండి పక్కన ఒక ముసలామె, ఒక ముసలాయన, ఒక బస్తా నిలబడి ఉన్నారు.

"భద్రాచలం బండే కద సారూ? తువాల ఏసినం," అంది ముసలామె.

ఆ రోడ్డులో మనిషికింతని ఎక్కించుకునే కార్లు తిరుగుతుంటాయి. ఇదీ అలాంటిదే అనుకున్నారు వాళ్లు. అద్దం దించి పెట్టింది ఎవరో జకర్యాకు తెలుసు, కాబట్టి ఆ సంగతి ఎత్తలేదు. ఇక తువాలు అంటారా, కిటికీలోంచి సీటు మీద తువాలు పడిందంటే ఆ సీటు వాళ్లదే. అది ఆర్టీసీలో ఎక్కడా రాసి లేని చట్టం. జకర్యా సర్వీసంతా దాని మీద ఎన్ని తగాదాలు తీర్చాడో లెక్కే లేదు. అన్ని తీర్పులూ తువాలు పక్షానే చెప్పాడు. ఇవాళ తన బండి అయ్యేసరికి తీర్పు మారిస్తే మనిషికి విలువేముంటుంది?

"ఎక్కండి," అన్నాడు.

"ఏమయ్యా, ఆమెన్ అన్నవ్," అంది విశ్రాంతమ్మ.

"ఆ మాట నా నోట వచ్చిందా? రాలే. తువాల వాళ్లే ఏసుకున్నరు."

ముసలామె పేరు నాగక్క. ముసలాయన ఆమె పెనిమిటి పగిడయ్య. భద్రాచలం దాటి అడవిలోకి పోతే వస్తుంది వాళ్ల ఊరు, వెదురుగుంపు. మిరపకాయలు ఏరడానికి కూలికి వచ్చి, పని అయిపోయి ఇంటికి పోతున్నారు. బస్తాలో ఉన్నవి ఎండు మిరపకాయలు. కారు వెనక సీట్లో బస్తాను పడేసి, పగిడయ్య దాని పక్కన మౌనంగా కూర్చున్నాడు. నాగక్క నడిమి సీట్లో కూర్చుని, మోకాళ్లు నిమురుకుంటూ మాట కలిపింది.

"నడుమ భద్రాచలంల పెద్దసారుకు మొర చెప్పుకోవాలమ్మా. మా ఊర్ల నర్సమ్మ లేక ఏండ్లాయె. నొప్పులొస్తే మంచం మీద ఏసుకొని వాగు దాటిస్తున్నం. పోయిన వానలల్ల నా బిడ్డనే గట్ల మోసినం."

"బతికిందా?" అని అడిగింది విశ్రాంతమ్మ. ఆమె ఉద్యోగమంతా అడిగిన ప్రశ్న అది, ఎప్పుడూ మెల్లగా అడగడం రాలేదు.

"తల్లి బతికింది."

విశ్రాంతమ్మ జరగలేదు. కాళ్లు మాత్రం కొంచెం పక్కకు తీసుకుంది.

జూలూరుపాడు దాటాక రోడ్డు పక్కన ఒక సర్కారు జీపు మూత తెరుచుకుని పొగలు కక్కుతోంది. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాల మనిషి ఒకాయన నడిరోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తాడు.

"అయిపాయె అంకుల్," అన్నాడు క్రిస్టోఫర్. "బ్రేకినస్పెక్టరు."

నల్ల కళ్లద్దాల మనిషి బండి చుట్టూ ఒకసారి నడిచి లోపలికి తొంగిచూశాడు. "ఎక్కడి బండి? ఎక్కడికి పోతున్నరు? కిరాయి బండా?"

"కాద్సార్, కాద్సార్," అన్నాడు జకర్యా. "సొంత బండి. అంతా చుట్టాలం."

ఆయన చూపు నాగక్క మీద, పగిడయ్య మీద, మిరపకాయల బస్తా మీద ఆగింది. "వీళ్లు?"

బండి సీజ్ చేస్తే మహిమ పదకొండింటికి చేరేది లేదు. జకర్యాకు అంతకుమించి ఏమీ తోచలేదు. నాలుక దానంతటదే పనిచేసింది. "మా వియ్యాలవారు సార్. మా అమ్మాయిని ఖాయం చేసుకోను భద్రాచలం పోతున్నం."

నాగక్క ఒకసారి జకర్యాను చూసింది, ఒకసారి మహిమను చూసింది. లోకం చూసిన మనిషి, విషయం పట్టేసింది. తువాలు తీసి భుజాన వేసుకుని నిటారుగా కూర్చుంది.

"శుభం," అన్నాడు నల్ల కళ్లద్దాల మనిషి. "అయితే నాకొక సాయం చేయండి. నా జీపు ఖరాబైంది. భద్రాచలం దాక నన్ను కొంచెం అడ్జస్ట్ చేస్తరా?"

జకర్యా జీవితంలో ఆ మాట తాను అనడమే గానీ తనను ఎవరూ అడిగింది లేదు. మిక్సీ ఎత్తుకుని ముందు సీటు ఖాళీ చేసి, వెనక్కి పోయి పగిడయ్యకూ మిరపకాయల బస్తాకూ మధ్య ఇరుక్కున్నాడు. అతని తలనిండా ఒకటే అనుమానం. చుట్టరికం నిజమో కాదో దారి పొడవునా కూర్చుని చూడాలనే ఈయన ఎక్కాడు. ఎక్కినాయన తన పేరు దూలయ్య అని, సర్కారు కొలువని మాత్రమే చెప్పాడు. ఏ కొలువో అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

కొంచెం దూరం పోయాక దూలయ్య ఫోను మోగింది. "అందర్ని ఆడనే కూర్చోబెట్టుండ్రి," అన్నాడు గట్టిగా. "నేనొచ్చేదాక ఒక్కర్ని కదలనియ్యొద్దు. నేను చూసి సంతకం పెట్టినంకనే వదిలేది." ముందు ఎక్కడో చెక్‌పోస్టులో బండ్లన్నీ ఆపించాడని క్రిస్టోఫర్‌కు అర్థమైంది.

ఇక్కడి నుంచి పెత్తనం నాగక్క చేతికి పోయింది. వియ్యాలవారన్నాక వాళ్లు మగపెళ్లివారు. మగపెళ్లివారన్నాక వాళ్ల మాటకు ఎదురుండదు. అది తెలుగునాట పసిపిల్లకు కూడా తెలుసు. నాగక్క మిరపచేలల్లో ఎండకు వంగి పనిచేసి వస్తోంది. జన్మకు ఒకసారి దొరికిన మర్యాదను ఊరికే పోనిచ్చే మనిషి కాదు.

"ఏందన్నా, మగపెళ్లోళ్లను గిట్లనేనా కూసోబెట్టేది?" అంది వెనక్కి తిరిగి. "కిటికీ పక్కకు నేను కూసుంట."

కిటికీ పక్కన విశ్రాంతమ్మ ఉంది. రిటైరైన నాటి నుంచి ఆమెను కదిలించినవాడు లేడు. దూలయ్య తల తిప్పి నవ్వాడు. "మర్యాద చేయాలమ్మా, తప్పదు." విశ్రాంతమ్మ భర్తను ఒక చూపు చూసి, పళ్లు బిగించి, నడుమకు జరిగింది.

"అమ్మాయి ఏం చేస్తది?" అని అడిగాడు దూలయ్య.

అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పడం జకర్యాకు అలవాటు లేదు. "నర్సు సార్. గవర్నమెంటు నౌకరీ. మంచి ర్యాంకు కొట్టింది."

నర్సు అన్న మాట వినబడగానే నాగక్క ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా ఆమె ఆడింది ఆట, అక్కడి నుంచి అది ఆట కాదు.

"మా కోడలు మా ఊర్లనే నౌకరీ చేస్తది సారూ. వెదురుగుంపుల. వేరే ఊరి ముచ్చటే లేదు. ఏమంటవన్నా?"

"మీ మాటే మా మాట చెల్లెమ్మా," అన్నాడు జకర్యా.

"తండ్రిగ నువ్వు మనస్ఫూర్తిగ ఒప్పుకున్నట్టేనా?" దూలయ్య నల్ల కళ్లద్దాలు తీసి మరీ అడిగాడు.

"ఒప్పుకున్నట్టే సార్."

"డాడీ!" అంది మహిమ. "ఉత్తదే బిడ్డా, ఊరుకో," అని గుసగుసలాడాడు జకర్యా. దూలయ్య కళ్లద్దాలు పెట్టుకుని, చదువుకున్న పిల్లలు ఇలాంటి సంబంధాలు చేసుకుంటే దేశం బాగుపడుతుందన్నాడు. పెళ్లికొడుకు పేరేమిటని అడిగాడు. పవన్ అని చెప్పింది నాగక్క. ఏం చేస్తాడని అడిగితే, చదువుకుంటున్నాడంది. వెనక పగిడయ్యకు దగ్గు తెర వచ్చింది.

కొత్తగూడెంలో మగపెళ్లివారికి చాయ్ కావాల్సి వచ్చింది. చాయ్‌తో పాటు బన్నులు కావాల్సి వచ్చాయి. పెళ్లిమాటలకు పోతూ వట్టి చేతులతో పోతారా అని దూలయ్యే గుర్తు చేస్తే, తమలపాకులూ కొబ్బరికాయా కొన్నారు. కొబ్బరికాయ చూసి విశ్రాంతమ్మ కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంది. మహిమ మాటిమాటికీ ఫోనులో టైము చూసుకుంటోంది. అయినా అదేమీ పెద్ద ఆలస్యం కాకపోయేది, పాల్వంచలో మిక్సీ ఇవ్వడానికి ఆగకపోతే.

నిర్మలాదేవి చెల్లెలు చెప్పినట్టే రోడ్డు మీద నిలబడి ఉంది. జకర్యా వెనక కిటికీలోంచి మిక్సీ అందించాడు. ఆ హడావుడిలో మోకాలు తగిలి బస్తా మూతి ఊడింది. మిరపఘాటు గుప్పున లేచింది. క్రిస్టోఫర్ బండి కదిలించబోతుండగా జకర్యా తుమ్మాడు.

"ఆపు!" అంది నాగక్క. "ఒంటి తుమ్ము. శుభకార్యానికి పోతూ ఒంటి తుమ్ము మీద కదులుతరా?"

"మాకు అసొంటి పట్టింపులు లేవు," అంది విశ్రాంతమ్మ.

"మాకున్నయి వదినా. మేం మగపెళ్లోళ్లం."

దూలయ్య కూడా, పెద్దలు చెప్పింది విందామన్నాడు. అందరూ దిగారు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎక్కారు. తాళం తిప్పగానే క్రిస్టోఫర్ తుమ్మాడు. మళ్లీ దిగారు. రెండు తుమ్ములు జంటగా వస్తే దోషం లేదని నాగక్క దయతలిచి సడలింపు ఇచ్చింది. అప్పటి నుంచి ఎవరికి ఒక తుమ్ము వచ్చినా మిగతావాళ్లంతా రెండోదాని కోసం వాళ్ల ముఖంలోకి ఆశగా చూడడం మొదలైంది. "ఇంకొకటి తుమ్మరా నాయనా, ఒక్కటి," అని విశ్రాంతమ్మ క్రిస్టోఫర్‌ను బతిమాలింది. పాపం, పిల్లాడు ఎంత ప్రయత్నించినా రెండోది రాలేదు. ఎంతకీ కాక, చివరికి దూలయ్యే వరుసగా రెండు తుమ్మాడు. బండి రోడ్డెక్కింది.

గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పదకొండు దాటి చాలాసేపైంది. నది వైపు ఎవరూ చూడలేదు. మహిమ చప్పుడు లేకుండా ఏడుస్తోంది. వెనక నుంచి జకర్యాకు ఆమె జడ, కదులుతున్న భుజాలు మాత్రమే కనిపించాయి. తన మొహమాటం తన ఒక్కడి సొత్తు అనుకున్నాడు ఇన్నాళ్లూ. దాని ఖరీదు ఇంట్లోవాళ్లే కడుతూ వచ్చారని అప్పుడు తెలిసింది. మిరపకాయలు లేకపోయినా ఆయన కళ్లలో నీళ్లు వచ్చేవే.

"కౌన్సెలింగ్ జరిగే హాలు దగ్గర నన్ను దింపండి," అన్నాడు దూలయ్య.

కారులో వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బండి ఆగింది. మెట్ల మీద కూర్చున్న ఆడపిల్లలంతా దిగ్గున లేచి నిలబడ్డారు. లోపలి నుంచి ఇద్దరు గుమాస్తాలు పరుగెత్తుకొచ్చి నమస్కారాలు పెట్టారు. "అందర్ని కూర్చోబెట్టినం సార్. మీరు రాంది ఒక్క పేరు కూడ పిలువలే."

బ్రేకినస్పెక్టరు కాడు. నర్సులకు ఊళ్లు ఇచ్చే పెద్దసారే ఆయన. ఆపించింది బండ్లను కాదు, నర్సులను. ఆయన తమ బండిలోనే ఉన్నాడు గనుక తాము ఆలస్యం కానే లేదు. జకర్యా "ప్రభువుకు స్తోత్రం" అన్నాడు పైకే. మరుక్షణం బండిలో తాను ఒప్పుకున్న మాట గుర్తొచ్చి, మిగతా స్తోత్రం గొంతులోనే ఆగిపోయింది.

హాల్లో ర్యాంకు వరుసన పేర్లు నడిచాయి. మహిమ పేరు వచ్చేదాకా ఏన్కూరు ఖాళీగానే ఉంది. ఆమె ముందుకు పోయి నిలబడింది. "ఏన్కూరు సార్," అంది.

దూలయ్య కలం ఆపాడు. "సిగ్గుపడకమ్మా. నీకు వెదురుగుంపు కావాలని నాకు తెలుసు. మీ అత్తగారి ఊరు. నేనొచ్చినకాడి నుంచి ఆ ఊరు కోరుకున్నోళ్లు ఒక్కరు లేరు." హాలు మొత్తానికీ వినబడేలా గొంతు పెంచాడు. "నేర్చుకోండి ఈ అమ్మాయిని చూసి." ఎవరో చప్పట్లు కొట్టారు. అది అందరికీ అంటుకుంది.

"సార్, అది కాదు, నాకసలు పెళ్లే..."

"పెళ్లోళ్లు వెనకనే కూర్చున్నరు, అట్ల అనొద్దు," అన్నాడు దూలయ్య. నాగక్క, పగిడయ్య వెనక వరుసలో తువాలు పరుచుకుని కూర్చుని ఉన్నారు. "మీ నాయిన నా ఎదురుంగనే ఒప్పుకున్నడు. ఏమయ్యా, నువ్వే చెప్పు. ఏం రాయమంటవ్?"

హాలంతా జకర్యా వైపు తిరిగింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడ్జస్ట్ అవుతాం సార్ అంటే చాలు, అందరూ సంతోషిస్తారు, చప్పట్లు ఇంకోసారి మోగుతాయి. మహిమ ముఖం చూశాడు. విశ్రాంతమ్మ వైపు చూసే ధైర్యం చాలలేదు.

"అడ్జస్ట్ కాం సార్," అన్నాడు. "నేను అబద్ధమాడిన. వాళ్లు మా వియ్యాలవారు కారు, ఏన్కూరుల బండెక్కిన మనుషులు. మీరు బ్రేకినస్పెక్టరు అనుకున్న. బండి సీజ్ అయితే నా బిడ్డ నౌకరీ పోతదని భయపడ్డ. నన్నేమన్నా చేయండి. నా బిడ్డ రాత్రింబగళ్లు చదివి తెచ్చుకున్న ర్యాంకు అది. దాన్ల ఎవ్వరికీ సీటిచ్చేది లేదు."

దూలయ్య కలం కింద పెట్టాడు. "మరి పవన్?"

"మా మనుమడు సారూ," అంది నాగక్క వెనక నుంచి. "రెండో తరగతి."

హాలు గొల్లుమంది. చివరికి దూలయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మహిమ పేరు ఎదుట ఏన్కూరు అని రాసి సంతకం పెట్టాడు. జకర్యా బెంచీ మీద కూలబడ్డాడు. మహిమ వచ్చి భుజం మీద తల పెట్టింది. ఆయన జీవితంలో ఎవరికైనా కాదని చెప్పడం అదే మొదలు. ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

వరుస చివరిదాకా వచ్చింది. పేర్లు అయిపోయాయి, ఒక ఊరు మిగిలిపోయింది. నాగక్క లేచి నిలబడింది. ఇప్పుడామెలో మగపెళ్లివారి దర్జా ఏమీ లేదు.

"మరి మా వెదురుగుంపుకు ఎవరు సారూ?"

దూలయ్య కాగితాలు సర్దుకుంటున్నాడు. చెడ్డ మనిషి కాదు, తల ఎత్తి మర్యాదగానే చెప్పాడు. "ఎవరూ కోరుకోలే అవ్వా. మళ్ల కొత్తోళ్లు వచ్చేదాక కొంచెం అడ్జస్ట్ కావాలె."

"ఇంకెన్నేండ్లు సార్?"

ఆ అడిగింది నాగక్క కాదు. విశ్రాంతమ్మ. మోకాళ్లు పట్టుకుని లేచి బల్ల దాకా నడిచింది. "మంచం మీద ఏసుకొని వాగు దాటిస్తున్నరు వాళ్లు. బిడ్డలు పోతున్నరు. ఇంకెంత అడ్జస్ట్ కావాలె? రిటైరైన నర్సులను కాంట్రాక్టు మీద తీసుకుంటమని మీరే చెప్తరు కద. రాసుకోండి, విశ్రాంతమ్మ అని."

"ఏందే?" జకర్యా బెంచీ మీంచి ఎగిరిపడ్డాడు. "అంగుళం జరగనంటివి? నీ మోకాళ్లేం కాను?"

"నా మోకాళ్లు నేను చూసుకుంట. అన్నం, కూర నువ్వు చూసుకో," అంది విశ్రాంతమ్మ. ఆ తర్వాత నాగక్క వైపు తిరిగి, "పద వదినా, మీ ఊర్ల మేముండను ఒక అర్ర దొరుకుతదా చూద్దాం," అంది. నాగక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. దూలయ్య అప్పటికే కలం మూత తీశాడు. తగువు పెట్టుకోవడానికి జకర్యాకు ఎవరూ మిగల్లేదు.

కాసేపటికి తేరుకుని, మెల్లగా పగిడయ్య పక్కకు చేరి, వెదురుగుంపుకు బస్సు ఎన్నింటికుందని అడిగాడు.

పొద్దుట నుంచి పెదవి విప్పని పగిడయ్య అప్పుడు విప్పాడు. "ముందుగాల రోడ్డు రావాలె బావా."